మూడు ప్రాణాల హీరో

ముసురులో ముగ్గు నిలవదని తెలిసి కూడా బాలాంబ ఆ శనివారం పొద్దున్న గుమ్మంలో నాలుగు గీతలు గీసింది. గీస్తూనే రోజునంతా ముక్కలుగా కోసి పెట్టుకుంది. తొమ్మిదికల్లా వంట అయిపోవాలి. ఒంటిపూట బడి కాబట్టి సోమసుందరం పన్నెండున్నరకి ఇంట్లో ఉంటాడు. రెండున్నరకి మెయిన్ రోడ్డు హాల్లో మ్యాట్నీ. ఇంటర్వెల్లో వేయించిన జీడిపప్పు పొట్లం, చెరిసగం. ఐదున్నరకి హాలు వదిలితే ఇంటికొచ్చి పెట్టె తీసుకోవడం, ఆరున్నరకి చోడవరం వెళ్ళే ఆఖరి బస్సు. బస్సు దాకా వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. ముగ్గులో ఒక మూల తెరుచుకునే ఉండిపోయింది.

ఎల్లుండి నుంచి ఆషాఢం. కొత్త కోడలూ అత్తగారూ ఆ నెల్లాళ్ళూ ఒకే గడప దాటకూడదు. రేపు అమావాస్య, ఆడపిల్ల ప్రయాణానికి పనికిరాదు. అందుకని ఇవాళే బాలాంబ తండ్రి వచ్చి ఆమెను పుట్టింటికి తీసుకుపోవాలి. పెళ్ళయి నలభై రెండు రోజులు. ఇంతవరకూ ఇద్దరూ కలిసి ఒక్క సినిమా చూడలేదు. మొదటి పది రోజులూ వ్రతాలూ విందులూ. తరవాత సోమసుందరానికి విశాఖపట్నంలో మూడు వారాల ట్రైనింగు. తరవాత ఆ ట్రైనింగు దేనికోసమో ఆ కంప్యూటరు.

నర్సీపట్నం హైస్కూల్లో సోమసుందరం లెక్కల మాస్టారు. ఆ ఏడు స్కూలుకి ఎక్కడినుంచో ఒక కంప్యూటరూ, దానికో కలర్ టీవీ వచ్చాయి. వాటికి నీలం తెరలు కట్టిన ఒక గది ఇచ్చారు. ఆ గదిలోకి చెప్పులు వేసుకుని ఎవరూ వెళ్ళరు. సోమసుందరం సాయంత్రాలన్నీ అందులోనే కూర్చుని ఒక ఆట తయారుచేశాడు. సినిమాలో ఉన్నవన్నీ ఆటలో పెట్టానని భార్యకి చెప్పాడు. పసుపుపచ్చ చుక్క హీరో. అడుగునుంచి బయలుదేరి లారీలు తిరిగే రోడ్డు దాటాలి, పడవలమీదుగా కాలవ దాటాలి, అయిదుగురు విలన్లను తప్పించుకోవాలి, మెట్లెక్కి మేడమీది హీరోయిన్‌ని చేరాలి.

"ఆ మేడమీద గులాబీ రంగు చుక్క ఉంటుందే, అది నువ్వే," అన్నాడు అప్పుడు.

రెండు రోజులపాటు బాలాంబకి నేలమీద కాలు ఆనలేదు. చుక్క అయితేనేం, గులాబీ రంగుది.

"ఏవండీ, రెండున్నర. మర్చిపోరు కదా?" అంది ఇవాళ కాఫీ అందిస్తూ.

"పన్నెండున్నరకి గదికి తాళం వేసి వచ్చేస్తాను. తల్లిదండ్రులకి కంప్యూటరు చూపించాలన్నారు హెడ్మాస్టరు గారు. ఓ పాతికమంది వస్తే గొప్ప. అరగంట పని."

"ఒక్క గొడుగే కనిపిస్తోంది. రెండోది ఎక్కడ పెట్టారో ఏమో."

"ఒక్కటి చాలదూ?" అన్నాడు సోమసుందరం. రెండో గొడుగును బాలాంబే తెల్లవారుజామున బియ్యం డబ్బా వెనక్కి తోసింది. ఆ పూటకి ఆమె ఆనందం అంతే, డబ్బా వెనక పట్టేటంత.

తొమ్మిదిన్నరకి వీధిలో మైకు వినిపించింది. రిక్షాకి రెండువైపులా పోస్టర్లు కట్టుకుని ఊరంతా తిరిగి సినిమాల గురించి చెప్పే జోగులు గొంతు అది. కొత్త సినిమా గురించి ఏం చెబుతాడోనని బాలాంబ కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

"నేడే చూడండి... ఈ దినమే... మన హైస్కూలు ఆవరణలో... సరికొత్త రంగుల చిత్రం. కథ, మాటలు, దర్శకత్వం మన సోమసుందరం మాస్టారు. భీకర పోరాటాలు, గుండెలు పిండే సెంటిమెంటు. ఆడపడుచులు తప్పక చూడవలసిన కన్నీటి కావ్యం. రాండి బాబూ రాండి, టిక్కెట్టు నేదు..."

తప్పు జోగులుది కాదు. హెడ్మాస్టరు యాజులుగారు నలుగురికీ తెలియాలని, ఊళ్ళో ఉన్న ఒక్కగానొక్క మైకు మనిషికి చీటీ రాసిచ్చారు. కంప్యూటరు, కలర్ టీవీ, సోమసుందరం రచించిన ఆట అని అందులో శుభ్రంగానే ఉంది. కానీ జోగులు పద్దెనిమిదేళ్ళుగా సినిమాలే చెబుతున్నాడు. చేతికి ఏ చీటీ ఇచ్చినా నోట్లోంచి సినిమాయే వస్తుంది. ఒకసారి కలరా టీకాల గురించి చెప్పమంటే, మూడో వారం విజయవంతంగా ప్రదర్శింపబడుతున్నాయని చెప్పి వచ్చాడు.

"కన్నీటి కావ్యమా? మా వాడా?" అంది వంటింట్లోంచి అత్తగారు వెంకటరత్నమ్మ. గిన్నె దించుతూ, "తండ్రి పోలికే," అంది.

పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. బాలాంబ నీలం పట్టుచీర కట్టుకుని, వడ్డన సిద్ధం చేసి, గుమ్మంలో నిలబడింది. ఒంటిగంటంబావుకి గోనెపట్టా నెత్తిన కప్పుకుని స్కూలు అటెండరు సింగన్న వచ్చాడు.

"అమ్మగారూ, మాస్టారు బువ్వకి ఎదురుసూడొద్దని సెప్పమన్నారండి."

"ఏమైంది సింగన్నా?"

"ఏటీ అవలేదండి. ఈరో సచ్చిపోతన్నాడు, జనం ఒదల్నేదు. బతికించీదాకా ఎల్లనివ్వం అంతన్నారు. నాతవరం బస్సు కూడా మనకాడే ఆగిందండి."

బాలాంబ అత్తగారి వైపు చూసింది. వెంకటరత్నమ్మకి కోడలి పట్టుచీర సంగతి పొద్దుటినుంచీ తెలుసు. "వెళ్ళి పిలుచుకురా అమ్మా. మీ నాన్నగారు వస్తే నేను స్కూలుకే పంపిస్తాలే," అంది. బియ్యం డబ్బా వెనక చెయ్యి పెట్టి రెండో గొడుగు తీసి కోడలి చేతిలో పెట్టింది. బాలాంబ తల దించుకుని వెళ్ళిపోయింది.

స్కూల్లో పాతికమంది లేరు. మూడొందలమంది ఉన్నారు. టీవీని నీలం తెరల గదిలోంచి తెచ్చి పెద్ద హాల్లో బల్లమీద బల్ల వేసి నిలబెట్టారు. ముందువరసలో ఆడవాళ్ళు చాపలేసుకున్నారు, వెనక మగవాళ్ళు, కిటికీలకి తలకాయలు. వరండాలో వేరుశనక్కాయల బండి వెలిసింది. తడిసిన బట్టల వాసన, రేకులమీద వాన చప్పుడు, అందరి మొహాల్లోనూ చావింటికి వచ్చినవాళ్ళ దిగులు. టీవీ పక్కన మీటల పెట్టె ముందు కూర్చున్న సోమసుందరం మొహంలో అసలైన దిగులు.

బాలాంబ లోపలికి అడుగుపెట్టేసరికి పసుపుపచ్చ చుక్క లారీ కింద పడింది. టీవీ కూతలాంటి శబ్దం ఒకటి చేసి ఊరుకుంది.

"మళ్ళీ సచ్చిపోనాడు," అంది ముందువరసలో ఒక ముసలమ్మ, కొంగు నోట్లో కుక్కుకుంటూ. ఆవిడ పేరు మహాలక్ష్మమ్మ. నాతవరం నుంచి కళ్ళజోడు కోసం వచ్చి, మైకు విని ఇటు తిరిగింది.

"అతనికి ఇంకా రెండు ప్రాణాలున్నాయమ్మా," అన్నాడు సోమసుందరం. ఆ మాట అప్పటికి ఎన్నోసారి అంటున్నాడో అతనికే తెలియదు.

"మనిసికి మూడు పాణాలేటి బాబూ? పిల్లికుంతాయి."

"ఇది సినిమా కాదమ్మా, ఆట. సినిమాలో హీరో ఏం చెయ్యాలో డైరెక్టరు ముందే చెప్పేస్తాడు. ఇక్కడ ఈ మీటలతో మనం చెప్పాలి. మనం సరిగ్గా చెప్పకపోతే చచ్చిపోతాడు."

మహాలక్ష్మమ్మ అతని వేళ్ళ వంక చూసింది. "అంటే నువ్వే సంపుతన్నావన్నమాట," అంది.

హాలంతా సోమసుందరం వైపు తిరిగింది.

"సినిమాలో సావుకి తానం నేదు," అంది ఆవిడ పక్కనున్నవాళ్ళతో. "మనం ఎల్లీసరికే ఆడు సచ్చిపోయుంటాడు. ఇది అలా కాదు గదా, మన కళ్ళ ముందర, మన మాస్టారి సేతిలో పోతన్నాడు. ఇంటికెల్లి నెత్తిమీద నీళ్ళోసుకోవాల."

అవును, పోసుకోవాలి, అన్నారు ఇద్దరు ముగ్గురు.

బాలాంబ జనంలోంచి దారి చేసుకుని భర్త పక్కకి చేరింది. "రెండు కావస్తోందండీ," అంది చిన్నగా.

"వెళ్దాం. వీళ్ళు లేవనివ్వాలి కదా. నేను లేచినప్పుడల్లా ఎవరో ఒకరు భుజం పట్టి కూలేస్తున్నారు. యాజులుగారికీ చెప్పి చూశాను. స్కూలుకి ఇంతమంది ఎప్పుడూ రాలేదని ఆయన ఉక్కిరిబిక్కిరి అవుతున్నారు."

అప్పుడే గుమ్మంలో కలకలం రేగింది. తడిసి ముద్దయిన ఒక లావుపాటి మనిషి జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. మెయిన్ రోడ్డు హాలు మేనేజరు తాతబ్బాయి.

"మాస్టారూ, నా కడుపు మీద కొట్టకండి. మేట్నీకి పదకొండుమంది వచ్చారు. అందులో ఇద్దరు నా బావమరుదులు. ఆళ్ళు కూడా ఇటొచ్చీసినారు."

"మరి ఆట?" అంది బాలాంబ గబుక్కున. "మ్యాట్నీ వేస్తారు కదండీ?"

"తొమ్మిదిమందికి ఏటి ఏస్తానమ్మా? ఆపీసాను. ఇంక ఫస్టు షోకే."

ఫస్టు షో ఆరున్నరకి. బస్సూ ఆరున్నరకే. బాలాంబ పట్టుచీర కుచ్చెళ్ళు ఒకసారి సర్దుకుంది, వదిలేసింది. పోనీలే, అనుకుంది. సినిమా లేకపోతే లేదు. మూడింటికైనా ఇద్దరూ ఇంటికి చేరితే, నాన్నగారు వచ్చేలోగా ఒక గంట. వానలో ఒక గంట ఊరికే కూర్చున్నా చాలు. ఆశ అలా మూడు గంటలనుంచి ఒక గంటకి కుదించుకుపోయింది.

తాతబ్బాయి దెబ్బలాటకే వచ్చాడు కానీ, ఇరవై ఏళ్ళుగా తెర వెనక నుంచి జనాన్ని చూసినవాడు. నడుమున చేతులు పెట్టుకుని టీవీ వంక చూశాడు. హీరో కాలవలో పడ్డాడు. మూడో ప్రాణంతో విలన్ల దాకా వెళ్ళి అక్కడ పోయాడు. తాతబ్బాయి జనం మొహాల వైపు తిరిగి చూశాడు.

"మాస్టారూ, క్లైమాక్సు ఎక్కడుంది?" అన్నాడు.

సోమసుందరం భార్య వైపు వంగి గుసగుసగా అన్నాడు. "ఆఖరి సీను రాయలేదు బాలా. దీని బుర్రలో చోటు అయిపోయింది."

"అంటే అతను ఆ అమ్మాయిని చేరడా?"

"మేడ దాకా వస్తాడు. ఆమెను తాకగానే మళ్ళీ అడుగునుంచి మొదలవుతుంది. ఈసారి లారీలు ఇంకొంచెం వేగంగా వస్తాయి."

"ఎన్నాళ్ళలాగ?"

"మూడు ప్రాణాలూ పోయేదాకా."

బాలాంబ గులాబీ చుక్క వైపు చూసింది. మేడమీద, ఎటూ కదలకుండా, మిణుకుమిణుకుమంటోంది. "నన్ను అక్కడ కూర్చోబెట్టింది ఇందుకా?" అంది.

"ఆటలన్నీ అంతే. గెలిచేస్తే ఇంకెవరు ఆడతారు?"

"పెళ్ళి అయిపోయాక ఇంకెవరు కాపురం చేస్తారన్నట్టుంది."

గుసగుసలే అయినా తాతబ్బాయి చెవిని పడ్డాయి. "అమ్మగారన్నది సబబు," అన్నాడు. "మాస్టారూ, నా మాట వినండి. పబ్లిక్ ఏడవాలి గానీ ఓడిపోకూడదు. మూడు గంటలు ఏడిపించండి, ఆకర్న ఇద్దర్నీ కలిపీయండి. అప్పుడు లేచి ఎల్లిపోతారు. కలపకపోతే ఇక్కడే కూకుంటారు. నాకు ఫస్టు షో కూడా ఉండదు."

"చోటు లేదండీ. కొత్త సీను పెట్టాలంటే ఉన్నదేదో తీసెయ్యాలి."

"తీసీయండి. మేం రీళ్ళకి రీళ్ళు కోసీడం నేదేటి?"

ఏది తియ్యాలన్నదానిమీద హాల్లో పంచాయితీ మొదలైంది. విలన్లను తీసేస్తే హీరో ఎందుకని మగవాళ్ళు ఒప్పుకోలేదు. కాలవ తీస్తామంటే నాతవరం నుంచి వచ్చిన రైతులు లేచి నిలబడ్డారు. తాండవ రిజర్వాయరు నీళ్ళు వచ్చాకే తమ బతుకులు బాగుపడ్డాయనీ, కాలవ జోలికి వస్తే ఊరుకోమనీ అన్నారు. మిగిలినవి లారీలు. కిటికీలోంచి ఒక లారీ డ్రైవరు, "ఎప్పుడూ మేమే నోకువేటి?" అని గొణిగాడు గానీ, అతను ఒక్కడే.

సోమసుందరం లారీలు తీసెయ్యడానికి కూర్చున్నాడు. టీవీ నిండా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వరసలు వరసలుగా పైకి పాకాయి. జనం ఊపిరి బిగబట్టి చూశారు.

"పేర్లు శానామందివి ఏస్తన్నారు," అంది మహాలక్ష్మమ్మ.

పేర్లు పడడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరలోనే బాలాంబ గంట కరిగిపోయింది. భర్త పక్కన ముక్కాలిపీటమీద కూర్చుని, అతని మెడమీద చెమట చూస్తూ, తడికొంగుతో విసురుతూ ఉండిపోయింది. ఇదీ ఒకందుకు బాగానే ఉంది అనుకోబోయింది. పక్కనే ఉన్నాడు కదా అని. కానీ మూడొందలమంది ముందు పక్కనుండడం ఏం ఉండడం?

నాలుగున్నరకి లారీలు లేని ఆట సిద్ధమైంది. హీరో మేడ ఎక్కి హీరోయిన్ని తాకితే ఇద్దరూ పక్కపక్కన నిలబడతారు. వాళ్ళ చుట్టూ అక్షింతల్లాంటి పసుపు చుక్కలు రాలతాయి. అంతవరకే చోటు దొరికింది. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర గొడుగు దులుపుతూ బాలాంబ తండ్రి రామనాథంగారు కనిపించారు.

రామనాథంగారు చోడవరం దగ్గర ఒక పల్లెలో పోస్టుమాస్టరు. ముప్ఫై రెండేళ్ళుగా టపా బస్సుతో కలిసి జీవించిన మనిషి. ఏ బస్సూ ఆయనకోసం ఆగలేదు, ఏ బస్సుకీ ఆయన ఆలస్యం కాలేదు.

"అల్లుడుగారూ, క్షేమమా? ఏమ్మా, పెట్టె సర్దుకున్నావా? ఆరుంబావుకల్లా స్టాండులో ఉండాలి," అన్నారు నిలబడే.

హెడ్మాస్టరు యాజులుగారికి ఒక ఆలోచన వచ్చింది. మాస్టారి చేతిలో హీరో బతకడన్న మాట హాల్లో పాతుకుపోయింది. చెయ్యి మార్చాలి. "రామనాథంగారూ, పెద్దవారు, పెళ్ళికూతురి తండ్రి. తమరే శుభమా అని ఈ ఇద్దర్నీ కలపాలి," అని కుర్చీ చూపించారు.

"నాకు సినిమాలు పడవండీ," అన్నారు రామనాథంగారు. "వాళ్ళే కొట్టుకుంటారు, వాళ్ళే పెళ్ళి చేసుకుంటారు. మధ్యలో మనమెందుకు అక్కడ?"

"ఇది అలా కాదు మామయ్యగారూ," అన్నాడు సోమసుందరం. "మీరు మీట నొక్కితేనే అతను నడుస్తాడు."

"నొక్కకపోతే?"

"నిలబడే ఉంటాడు."

"ఎంతసేపు?"

"ఎంతసేపైనా."

రామనాథంగారు అడుగున నిలబడ్డ పసుపుపచ్చ చుక్కను, పైన మిణుకుమనే గులాబీ చుక్కను మార్చి మార్చి చూశారు. ఆయన ముప్ఫై రెండేళ్ళుగా చేస్తున్నది అదే పని. ఇక్కడ నిలిచిపోయినదాన్ని అక్కడికి చేర్చడం. "పాపం," అని కుర్చీలో కూర్చున్నారు.

మొదటి ప్రాణం కాలవలో పోయింది. రామనాథంగారు కండువా తీసి కూతురి చేతికిచ్చారు.

"బాబూ, నెమ్మదిగా. పడవ ఒచ్చినాక కాలెయ్యాల," అంది మహాలక్ష్మమ్మ.

"తెలుసునమ్మా," అన్నారాయన విసుగ్గా. రెండోదీ కాలవలోనే పోయింది. మూడోది విలన్ల దగ్గర. మళ్ళీ మొదలుపెట్టారు. హాలంతా ఆయన వేళ్ళకేసి చూస్తోంది. తాతబ్బాయి కుర్చీ వెనక నిలబడి, "సారూ, ఎడమ, ఎడమ," అంటున్నాడు. అతనికి ఫస్టు షో గుర్తులేదు.

ఐదున్నరకి బాలాంబ, "నాన్నగారూ, టైమవుతోంది," అంది.

"ఇంకా రెండు ప్రాణాలున్నాయమ్మా."

ఆరింటికి, "నాన్నగారూ, బస్సు," అంది. రెండోసారి అనేటప్పుడు తన గొంతు ఎందుకంత మెత్తగా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు. ఆరుంబావుకి మూడోసారి అనాలి. అనలేదు. కండువా మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుని, వాన చప్పుడు వింటూ కూర్చుంది.

ఆరున్నర దాటి రెండు నిమిషాలకి మెయిన్ రోడ్డుమీద బస్సు హారన్ వినిపించింది. ముప్ఫై రెండేళ్ళలో మొదటిసారి రామనాథంగారికి అది వినిపించలేదు. హీరో కాలవ దాటాడు. నాలుగో విలన్‌ని తప్పించుకున్నాడు. ఐదోవాడు అటు తిరిగినప్పుడు మెట్లెక్కాడు. ఇంకొక్క మెట్టు. మహాలక్ష్మమ్మ లేచి నిలబడింది. రామనాథంగారు వేలెత్తారు.

కరెంటు పోయింది.

చీకట్లో మూడొందలమంది ఒకేసారి ఊపిరి వదిలారు. వాన ఇంకాస్త గట్టిగా వినిపించింది.

"పోనాడేటి?" అంది మహాలక్ష్మమ్మ గొంతు.

"లేదమ్మా. కరెంటు పోయింది."

"బతికున్నాడా?"

"అదీ లేదు. అంతా పోయింది. పొద్దుటి ఆటయితే టేపురికార్డరు కేసెట్లో దాచి ఉంది కానీ, మధ్యాహ్నం రాసిందంతా దాని బుర్రలోనే ఉంది. కేసెట్లోకి ఎక్కించలేదు. మామయ్యగారు కుర్చీ వదలలేదు కదా."

"పోనాడో నేదో సెప్పకపోతే ఎలాగ బాబూ?" అంది ఆవిడ దీనంగా. "నాను తానం సెయ్యాలా, ఒద్దా?"

జనం చెప్పులు వెతుక్కుంటూ వానలోకి దిగిపోయారు.

ముగ్గురూ ఇంటికి వచ్చేసరికి వెంకటరత్నమ్మ లాంతరు పెట్టుకుని, కోడలి పెట్టె పక్కన కూర్చుని ఉంది. రామనాథంగారు గడప బయటే ఆగిపోయారు. "చెల్లెమ్మగారూ, బస్సు తప్పిపోయింది," అన్నారు. ఎవరో చనిపోయారని చెబుతున్నట్టు ఉంది ఆయన గొంతు.

"రేపు అమావాస్య," అంది వెంకటరత్నమ్మ.

"అవునమ్మా."

"ఎల్లుండి తెల్లారితే ఆషాఢం."

"అవునమ్మా. తప్పు నాదే."

వెంకటరత్నమ్మ కొడుకు మొహం చూసింది, కోడలి పట్టుచీర అంచున బురద చూసింది. పోయిన భర్తతో తను మొదటి ఆషాఢం ఎలా గడిపిందో ఆవిడకి గుర్తొచ్చిందో ఏమో ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్ళి, రెండు చీరలు ఒక సంచిలో పెట్టుకుని వచ్చింది.

"సింగన్నతో రిక్షా పిలిపించరా. పెదబొడ్డేపల్లిలో మా తమ్ముడింటికి పోతాను. ఊళ్ళో ఊళ్ళోది ప్రయాణం కాదు. నెల్లాళ్ళు ఒకళ్ళు గడప దాటి ఉండాలన్నారు గానీ, కోడలే దాటాలని ఎవరూ చెప్పలేదు."

"అయ్యో, మీరెందుకత్తయ్యగారూ, నేనే ఆ ఇంటికి—"

"కొత్త కోడల్ని పరాయిపంచన నెల్లాళ్ళు పెట్టానని నలుగురూ అనుకోవాలా? నువ్వుండు. పచ్చళ్ళ జాడీలు మాత్రం తడిచేత్తో ముట్టుకోకు."

రిక్షా మలుపు తిరిగేదాకా బాలాంబ గుమ్మంలో నిలబడింది. సిగ్గుగానే ఉంది. కానీ సిగ్గు కింద ఒక సంతోషం ఉక్కిరిబిక్కిరి చేస్తోంది. నెల్లాళ్ళు. పుట్టిల్లు కాదు, చోడవరం కాదు, ఈ ఇల్లే. ఇద్దరే. అమావాస్య గడిస్తే నాన్నగారు వెళ్ళిపోతారు.

అమావాస్య గడిచింది. రామనాథంగారు వెళ్ళలేదు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో మొదటిసారి మెడికల్ లీవుకి తంతి ఇచ్చి, సాయంత్రం నాలుగున్నరకి కండువా వేసుకుని, "అల్లుడుగారూ, పదండి. ఇంకొక్క మెట్టే కదా," అన్నారు. అల్లుడు పెద్దాయన మాట కాదనలేక వెళ్ళాడు. మర్నాడూ వెళ్ళాడు. ఆ పైన రోజూ వెళ్ళాడు. స్కూల్లో జనం, తాతబ్బాయి సలహాలు, యాజులుగారి ఉత్సాహం. అన్నాలవేళకి ఇద్దరూ వచ్చేవారు. రామనాథంగారు కంచం ముందు కూర్చుని, విస్తరాకంత తెరమీద పెళ్ళి ఎలా జరగాలో అల్లుడికి చెప్పేవారు. అల్లుడు చెయ్యి కడుక్కుంటూనే చాపమీద ఒరిగి నిద్రపోయేవాడు.

సోమసుందరం లారీలు మళ్ళీ తీసేసి, పోయిన ఆఖరి సీనును తిరిగి రాశాడు. అక్షింతలు చాలవన్నారు. సన్నాయి కావాలన్నారు. సన్నాయికి చోటు కోసం పడవలు తీశాడు. పందిరి కావాలన్నారు, ముగ్గురు విలన్లు పోయారు. ఊరేగింపుకి మిగిలిన ఇద్దరూ పోయారు. నాతవరం రైతులు కూడా పెళ్ళి పేరు చెప్పి కాలవను వదులుకున్నారు. మూడో వారానికి దారిలో అడ్డేమీ మిగల్లేదు. మీట నొక్కకపోయినా హీరో తిన్నగా నడిచి వెళ్ళి మేడెక్కి పెళ్ళి చేసుకునేవాడు. జనానికి కడుపు నిండింది. మహాలక్ష్మమ్మ కొత్త కళ్ళజోడుతో వచ్చి రెండుసార్లు చూసింది.

"ఇది ఇప్పుడు సినిమా అయింది మాస్టారూ," అన్నాడు తాతబ్బాయి. "సినిమాయే సూడాలంటే మా హాల్లో తెర పెద్దది."

ఆ మాట నిజమని జనానికీ తోచింది. మర్నాటినుంచి స్కూలుకి రావడం మానేశారు. మామా అల్లుళ్ళు మాత్రం మానలేదు. మామగారు మొదటి ఆట మళ్ళీ కావాలని పట్టుపట్టారు. లారీలతో సహా.

ఆ శనివారం మధ్యాహ్నం బాలాంబ ఒక్కతే నీలం పట్టుచీర కట్టుకుని మ్యాట్నీకి వెళ్ళింది. అప్పటికి సినిమా మారిపోయింది. ఏదైతేనేం అనుకుని, కుర్చీ టిక్కెట్టు తీసుకుని చీకట్లో కూర్చుంది. తెరమీద హీరో కొండలూ నదులూ దాటుకుంటూ హీరోయిన్ కోసం పరిగెడుతున్నాడు. కాసేపటికి బాలాంబ తన చేతికేసి చూసుకుంది. హీరో మలుపు తిరిగినప్పుడల్లా కుర్చీ చేతిమీద తన వేలు నొక్కుకుంటోంది. ఇక్కడ ఎవరూ ఏదీ నొక్కనక్కర్లేదు. అతను ఎలాగూ చేరతాడు. తను ఇక్కడ ఉన్నా లేకపోయినా చేరతాడు. అది తెలిసేసరికి ఎందుకో ఏడుపొచ్చింది.

ముందు బెంచీ వరసలోంచి ఎవరో వెనక్కి తిరిగారు. ఇంటర్వెల్ దీపాలు వెలిగాయి. వెంకటరత్నమ్మ.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అత్తగారు బెంచీకీ కుర్చీలకీ మధ్యనున్న కర్రకటకటాల మీదుగా వేయించిన జీడిపప్పు పొట్లం చాపి, "సగం తీసుకో," అంది. "వాడు ఇంటికొస్తున్నాడా?"

"అన్నానికి వస్తున్నారత్తయ్యగారూ."

"వాళ్ళ నాన్నా అంతే."

బెంచీకి ఒక గేటు, కుర్చీలకి ఒక గేటు ఉన్న హాలది. ఆ విధంగా ఆ ఏడు ఆ ఇంట్లో ఆషాఢ నియమానికి ఎవరివల్లా ఏ లోటూ రాలేదు.